ఉష్ణోగ్రత పెరిగితే చర్యా రేటు ఎంత పెరుగుతుంది? థయోసల్ఫేట్ ప్రయోగంతో కొలిచే పద్ధతి

ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే రసాయన చర్య రేటు రెట్టింపు అవుతుందన్న వాక్యం ఇంటర్మీడియట్‌లో రసాయనశాస్త్రం చదివిన ప్రతి ఒక్కరికీ కంఠస్థమై ఉంటుంది. పరీక్షలో ఆ వాక్యం రాసి మార్కులు తెచ్చుకున్నవారు ఎందరో ఉంటారు గాని, ఒక చర్యను ఎంచుకుని, రెండు మూడు ఉష్ణోగ్రతల వద్ద అది జరగడానికి పట్టే కాలాన్ని కొలిచి, రేటు నిజంగా రెట్టింపయిందో లేదో స్వయంగా చూసుకున్నవారు చాలా తక్కువ. ఆ కొలత ఎలా చేయాలో వివరించడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందుకు నేను ఎంచుకున్నది సోడియం థయోసల్ఫేట్ ద్రావణానికి హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపే ప్రయోగం. జూనియర్ కళాశాల ప్రయోగశాలలో సాధారణంగా ఉండే సామగ్రితోనే దీన్ని ఒక మధ్యాహ్నంలో పూర్తి చేయవచ్చు. శ్రద్ధగా చేస్తే ఆ చర్యకు కావలసిన ఉత్తేజన శక్తి విలువను కూడా దీని నుంచే రాబట్టవచ్చు.

శ్రద్ధగా చేస్తే అన్న మాటను ఊరికే వాడలేదు. విద్యార్థుల రికార్డు పుస్తకాల్లో ఈ ప్రయోగానికి సంబంధించి నాకు కనిపించే తప్పుల్లో ఎక్కువ భాగం కాలాన్ని కొలవడంలో కాక ఉష్ణోగ్రతను కొలవడంలో జరిగినవే. స్టాప్‌వాచ్‌లో సెకనులో వందో వంతు వరకు చదివి రాస్తారు. ఉష్ణోగ్రతను మాత్రం పక్కనున్న వేడినీళ్ల బీకరులోని థర్మామీటరు చూసి రాస్తారు. చర్య జరుగుతున్నది బీకరులోని నీళ్లలో కాదు, ఫ్లాస్కులోని మిశ్రమంలో. ఈ రెండింటి మధ్య తేడా తుది ఫలితాన్ని ఎంతగా పాడుచేస్తుందో కింద అంకెలతో చూపిస్తాను.

వేడికి చర్య ఎందుకు త్వరపడుతుంది

అణువులు ఒకదాన్నొకటి ఢీకొంటేనే వాటి మధ్య చర్య జరుగుతుంది. వేడి చేస్తే అణువులు వేగంగా కదులుతాయి, కాబట్టి ఎక్కువసార్లు ఢీకొంటాయి, కాబట్టి రేటు పెరుగుతుంది అని చాలామంది వివరణను అక్కడితో ముగిస్తారు. ఈ వివరణలో అబద్ధం లేదు గాని, అసలు కారణం ఇందులో లేదు. అణువుల సగటు వేగం పరమ ఉష్ణోగ్రత వర్గమూలానికి అనులోమంగా ఉంటుంది. 25 డిగ్రీల సెల్సియస్ అంటే 298 కెల్విన్. 35 డిగ్రీలంటే 308 కెల్విన్. ఈ రెండింటి నిష్పత్తికి వర్గమూలం తీస్తే 1.017 వస్తుంది. అంటే 10 డిగ్రీల పెరుగుదల వల్ల అభిఘాతాల (అణువులు ఢీకొనడాల) సంఖ్య రెండు శాతం కూడా పెరగదు. రెండు శాతం లోపు పెరుగుదల రేటును రెట్టింపు చేయలేదు కదా.

అసలు కారణం అభిఘాతాల సంఖ్యలో కాక వాటి శక్తిలో ఉంది. పాత బంధాలు సడలి కొత్తవి ఏర్పడాలంటే ఢీకొనే అణువులకు ఒక కనీస శక్తి ఉండాలి. దానినే ఉత్తేజన శక్తి అంటాం. మామూలు ఉష్ణోగ్రతల వద్ద అంత శక్తి ఉన్న అభిఘాతాలు అతి స్వల్పం. ఉత్తేజన శక్తి మోలుకు 53 కిలోజౌళ్లు ఉన్న ఒక చర్యను ఊహించుకుని లెక్క వేస్తే, 25 డిగ్రీల వద్ద ప్రతి వెయ్యి కోట్ల అభిఘాతాల్లో దాదాపు అయిదింటికి మాత్రమే ఆ గడప దాటే శక్తి ఉంటుంది. 35 డిగ్రీల వద్ద ఆ సంఖ్య దాదాపు పదికి చేరుతుంది. అణువుల శక్తుల పంపిణీని చూపే వక్రరేఖ కుడివైపు చివర బాగా సన్నగా ఉంటుంది కాబట్టి, ఉష్ణోగ్రత కొద్దిగా పెరిగినా ఆ చివరి భాగంలో ఉన్న అణువుల సంఖ్య బాగా పెరుగుతుంది. రెట్టింపయ్యేది ఈ చిన్న భాగమే.

ఈ సంబంధానికి గణిత రూపం స్థిరపడింది పందొమ్మిదో శతాబ్దం చివర్లో. రేటు స్థిరాంకం (గాఢతలు మార్చకుండా ఉంచితే రేటుకు అనులోమంగా ఉండే విలువ) ఉష్ణోగ్రతతో ఎలా మారుతుందో 1884లో డచ్ రసాయన శాస్త్రవేత్త వాంట్ హాఫ్ తన గ్రంథంలో చర్చించారు. 1889లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటె అర్హీనియస్, ఆమ్ల సమక్షంలో చెరకు చక్కెర విచ్ఛిన్నం కావడంపై అంతకుముందే లభ్యమై ఉన్న కొలతలను పరిశీలిస్తూ, ఈ సంబంధానికి ఉత్తేజిత అణువుల రూపంలో భౌతికమైన అర్థం చెప్పారు. రేటు స్థిరాంకం లాగరిథమ్‌ను నిలువు అక్షం మీద, పరమ ఉష్ణోగ్రత విలోమాన్ని అడ్డ అక్షం మీద గుర్తిస్తే సరళరేఖ వస్తుందనీ, ఆ రేఖ వాలు ఉత్తేజన శక్తిని చెబుతుందనీ ఆ సమీకరణం అర్థం. మనం చేయబోయేది సరిగ్గా ఈ రేఖను గీయడమే.

ద్రావణాల తయారీ

థయోసల్ఫేట్ అయాన్ ఆమ్లంలో విచ్ఛిన్నమై గంధకాన్నీ సల్ఫర్ డయాక్సైడ్ వాయువునూ ఇస్తుంది. గంధకం నీటిలో కరగదు కాబట్టి సన్నని కణాలుగా తేలుతూ ద్రావణాన్ని మొదట నీలి ఛాయతో మసకబారుస్తుంది, తరువాత పాలలా, చివరికి లేత పసుపుగా చేస్తుంది. ఫ్లాస్కు కింద కాగితం మీద గీసిన గుణకారం గుర్తు పైనుంచి చూస్తే కనిపించకుండా పోయే క్షణం మనకు కొలమానం. ప్రతిసారీ ఒకే పరిమాణంలో గంధకం ఏర్పడినప్పుడే గుర్తు మాయమవుతుంది గనుక, అందుకు పట్టిన కాలం ఎంత తక్కువైతే రేటు అంత ఎక్కువ. అందువల్ల 1ని కాలంతో భాగిస్తే వచ్చే విలువను రేటుకు ప్రతినిధిగా తీసుకుంటాం.

0.05 మోలార్ థయోసల్ఫేట్ ద్రావణం ఒక లీటరు కావాలి. అయిదు నీటి అణువులున్న స్ఫటిక రూపాన్ని 12.4 గ్రాములు తూచి, మరిగించి చల్లార్చిన స్వేదనజలంలో కరిగించి, లీటరు స్టాండర్డ్ ఫ్లాస్కులో గుర్తు వరకు నింపాలి. మరిగించమనడానికి కారణం ఉంది: నీటిలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్, సూక్ష్మజీవులు థయోసల్ఫేట్‌ను నెమ్మదిగా పాడుచేస్తాయి. ఈ కారణంగానే గత నెలలో చేసి అలమారలో ఉంచిన ద్రావణాన్ని వాడకూడదు. ఆమ్లం 1 మోలార్ గాఢతలో 250 మి.లీ. చాలు; 12 మోలార్ ఉండే గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం దాదాపు 21 మి.లీ. తీసుకుని, దాదాపు 150 మి.లీ. నీటిలోకి కొద్దికొద్దిగా పోసి, చల్లారాక 250 వరకు నింపాలి. ఆమ్లాన్ని నీటిలోకి పోయాలే గాని నీటిని ఆమ్లంలోకి ఎన్నడూ పోయకూడదు. ఈ పనిని పొగ గూటిలోనే (ఫ్యూమ్ హుడ్), కళ్లద్దాలు పెట్టుకునే చేయాలి.

ప్రతి ప్రయత్నానికి 50 మి.లీ. థయోసల్ఫేట్, 10 మి.లీ. ఆమ్లం వాడతాం. అయిదు ఉష్ణోగ్రతల వద్ద ఒక్కో చోట మూడేసి ప్రయత్నాలు చేస్తే మొత్తం 750 మి.లీ. థయోసల్ఫేట్ ఖర్చవుతుంది, కాబట్టి లీటరు ద్రావణం ఒకేసారి చేసుకుంటే ప్రయోగమంతా ఒకే ద్రావణంతో నడుస్తుంది. మధ్యలో ద్రావణం అయిపోయి మళ్లీ తూచవలసి వస్తే గాఢతలో వచ్చే చిన్న తేడా కూడా ఉష్ణోగ్రత ప్రభావంలో కలిసిపోయి కనిపిస్తుంది, తరువాత దాన్ని విడదీయడం సాధ్యం కాదు.

ప్రయోగం చేసే క్రమం

ముందుగా తెల్ల కాగితం మీద నల్ల మార్కరుతో గుణకారం గుర్తు గీయాలి. పెన్సిలుతో గీస్తే ఒక్కొక్కరి కంటికి ఒక్కోలా మాయమవుతుంది. మన ప్రయోగశాలల్లో బల్లలు చాలావరకు నాపరాతివో గ్రానైట్‌వో కాబట్టి కాగితం కింద మందపాటి అట్ట గాని చెక్క పలక గాని తప్పకుండా వేయాలి. వేడి ఫ్లాస్కును నేరుగా రాతిబల్ల మీద పెడితే అడుగు నుంచి వేడి త్వరగా లాగేస్తుంది.

పెద్ద బీకరులోనో వెడల్పాటి స్టీలు గిన్నెలోనో నీళ్లు పోసి దాన్ని జలతాపకంగా వాడాలి. 100 మి.లీ. కోనికల్ ఫ్లాస్కులో 50 మి.లీ. థయోసల్ఫేట్ కొలిచి పోసి అందులో ఉంచాలి. పక్కనే ఒక పరీక్షనాళికలో 10 మి.లీ. ఆమ్లం పోసి దాన్ని కూడా అదే నీటిలో నిలబెట్టాలి. ఈ వ్యాసం మొత్తంలో ఒక్క సూచననే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోమంటాను: రెండు ద్రావణాలూ ఒకే నీటిలో, ఒకే ఉష్ణోగ్రతకు రావాలి. నీటిని కావలసిన ఉష్ణోగ్రత కంటే ఒకటి రెండు డిగ్రీలు ఎక్కువగా ఉంచి, కనీసం అయిదు నిమిషాలు ఆగి, థయోసల్ఫేట్ ద్రావణంలోనే థర్మామీటరు ముంచి చూడాలి.

అది అనుకున్న విలువకు వచ్చాక ఫ్లాస్కును బయటకు తీసి, అడుగున తడి తుడిచి, గుర్తు మీద పెట్టి, ఆమ్లాన్ని ఒక్కసారిగా పోయాలి. ఆమ్లం పడుతున్న క్షణంలోనే స్టాప్‌వాచ్ మొదలుపెట్టి, ఫ్లాస్కును రెండు మూడుసార్లు గుండ్రంగా తిప్పి, కదలకుండా వదిలేయాలి. థర్మామీటరును వెంటనే మిశ్రమంలో ముంచి మొదటి ఉష్ణోగ్రత చదవాలి. తరువాత పైనుంచి నిటారుగా చూస్తూ ఉండి, గుర్తు పూర్తిగా కనబడకుండా పోగానే వాచీ ఆపి, మళ్లీ ఉష్ణోగ్రత చదవాలి. ఈ రెండింటి సగటే ఆ ప్రయత్నానికి రాయవలసిన ఉష్ణోగ్రత. అది 40కి బదులు 39.2 వస్తే 39.2 అనే రాయాలి. గుండ్రని అంకె కోసం సవరించి రాయడం ఈ ప్రయోగానికి చేయగల అతి పెద్ద అపకారం, ఎందుకంటే గ్రాఫుకు గుండ్రని అంకెలు అక్కరలేదు, నిజమైన అంకెలు కావాలి.

గుర్తును చూసే మనిషి మారకూడదు. ఇద్దరు కలిసి చేస్తున్నప్పుడు ఒకరు పోయడం, చూడడం, మరొకరు వాచీ, థర్మామీటరు చూసుకోవడం అని ముందే పంచుకుని చివరి వరకు అలాగే ఉండాలి. ఫ్లాస్కు కూడా ఒకటే ఉండాలి. వేరే ఫ్లాస్కు అడుగు వెడల్పుగా ఉంటే ద్రావణం లోతు తగ్గి, గుర్తు మాయం కావడానికి ఎక్కువ గంధకం అవసరమవుతుంది. కిటికీ పక్కన చేస్తుంటే మబ్బు పట్టినప్పుడు వెలుతురు మారుతుంది, కాబట్టి ట్యూబులైటు కింద చేయడం మేలు.

గుర్తు మాయమైన వెంటనే మిశ్రమాన్ని చాకలి సోడా, అంటే సోడియం కార్బొనేట్ ద్రావణం ఉన్న పెద్ద బీకరులో పోసేయాలి. ఆమ్లం తటస్థమై చర్య అక్కడికక్కడే ఆగుతుంది, సల్ఫర్ డయాక్సైడ్ విడుదలా ఆగుతుంది. ఫ్లాస్కును అప్పుడే బ్రష్షుతో తోమాలి. గంధకం పొర గాజుకు అంటుకుని ఆరితే తరువాతి ప్రయత్నంలో అది ముందే మసకగా కనిపిస్తుంది. ఉబ్బసం ఉన్నవారు ఈ ప్రయోగం చేయకపోవడమే మంచిది. మిగిలినవారు కూడా ఫ్లాస్కు మూతిపై ముఖం పెట్టి పీల్చకూడదు, కిటికీలు తెరిచి ఉంచాలి, ఉష్ణోగ్రతను 60 డిగ్రీలు దాటనీయకూడదు.

ఏ ఉష్ణోగ్రతలు తీసుకోవాలన్నది మన ఊళ్లలో ఋతువును బట్టి కూడా ఉంటుంది. ఏప్రిల్‌లో మేడ మీది ట్యాంకు నుంచి వచ్చే నీళ్లే 35 డిగ్రీలు దాటి ఉండవచ్చు. అప్పుడు తక్కువ ఉష్ణోగ్రతల కోసం తాపకంలో మంచుముక్కలు వేయాలి. జనవరి ఉదయం ఆ ఇబ్బంది ఉండదు. వేసవిలో ఒక జట్టు, చలికాలంలో మరొక జట్టు గది ఉష్ణోగ్రత అని మాత్రమే రాసి ఫలితాలు పోల్చుకుంటే ఆ పోలికకు అర్థమే లేదు.

చల్లని ఆమ్లం చేసే నష్టం

ఆమ్లాన్ని కూడా వేడి చేయాలని ఎందుకంత పట్టుబట్టానో ఇప్పుడు లెక్కతో చూపిస్తాను. థయోసల్ఫేట్ 50 మి.లీ. 50 డిగ్రీల వద్ద ఉందనుకుందాం. దానికి సీసాలోంచి నేరుగా తీసిన 30 డిగ్రీల ఆమ్లం 10 మి.లీ. పోశాం. రెండూ దాదాపు నీళ్లే కాబట్టి సగటు తేలికగా కట్టవచ్చు: 50 సార్లు 50, 10 సార్లు 30 కూడి 60తో భాగిస్తే 46.7 డిగ్రీలు వస్తుంది. పోసిన క్షణంలోనే మిశ్రమం 3.3 డిగ్రీలు చల్లబడింది. ఉత్తేజన శక్తి 49 కిలోజౌళ్లు ఉంటే ఈ 3.3 డిగ్రీలకు రేటు 17 శాతం తగ్గుతుంది. అయినా పుస్తకంలో 50 డిగ్రీలు అనే పడుతుంది. 30 డిగ్రీల ప్రయత్నంలో మాత్రం రెండు ద్రావణాలూ ఒకే వేడిలో ఉన్నందున ఏ తప్పూ జరగదు. ఒక చివర సరైన విలువ, మరో చివర తక్కువ విలువ ఉండడంతో రేఖ వాలు తగ్గిపోయి, 49 రావలసిన చోట 41 వస్తుంది. రికార్డుల్లో ఈ ప్రయోగానికి తక్కువ విలువలు తరచుగా కనిపించడానికి ఇదే ముఖ్య కారణమని నా నమ్మకం.

లెక్క కట్టే తీరు

పద్ధతి తెలియడానికి అయిదు జతల అంకెలు తీసుకుందాం. ఇవి ఉదాహరణ కోసం కూర్చినవి. మీ ఫ్లాస్కు, మీ వెలుతురు, మీ కన్ను వేరు కాబట్టి మీ సెకన్లు వేరుగా ఉంటాయి. 30 డిగ్రీల వద్ద 60 సెకన్లు, 35 వద్ద 44, 40 వద్ద 32, 45 వద్ద 24, 50 వద్ద 18 సెకన్లు పట్టిందనుకోండి.

ముందుగా ప్రతి ఉష్ణోగ్రతకు 273.15 కలిపి కెల్విన్‌లోకి మార్చి, దాని విలోమం కనుక్కోవాలి. 303.15 కెల్విన్ విలోమం 0.0032987, 323.15 కెల్విన్ విలోమం 0.0030945. ఇక్కడ దశాంశ స్థానాల్లో పిసినారితనం పనికిరాదు. 0.0033, 0.0031 అని కుదించి రాసేవారు రెండింటి తేడాను 0.0002042కు బదులు 0.0002 చేసి, లెక్కలోనే రెండు శాతం తప్పు తెచ్చుకుంటారు. తరువాత 1ని కాలంతో భాగించి దాని లాగ్ తీయాలి: 60 సెకన్లకు −1.778, 18 సెకన్లకు −1.255. మిగిలిన మూడు జతలకు కూడా ఇలాగే చేసి, అడ్డంగా ఉష్ణోగ్రత విలోమం, నిలువుగా లాగ్ విలువ పెట్టి గ్రాఫు గీయాలి. రేఖ ఎడమ నుంచి కుడికి దిగుతూ ఉండాలి. ఎక్కుతూ ఉంటే ఎక్కడో గుర్తు తారుమారైందన్నమాట.

బిందువులన్నింటికీ వీలైనంత దగ్గరగా పోయే రేఖను స్కేలుతో గీసి, దాని మీదే దూరంగా ఉన్న రెండు చోట్లు తీసుకుని వాలు కట్టాలి. మన ఉదాహరణలో నిలువు తేడా 0.523, అడ్డ తేడా 0.0002042, భాగిస్తే వాలు దాదాపు 2561, గుర్తు రుణం. దాన్ని 10 ఆధార లాగ్‌ను సహజ లాగ్‌గా మార్చే 2.303తోనూ, వాయు స్థిరాంకమైన 8.314తోనూ గుణిస్తే 49,000 జౌళ్లు, అంటే మోలుకు 49 కిలోజౌళ్ల ఉత్తేజన శక్తి వస్తుంది. కాలిక్యులేటరు 49.04 అని చూపించినా అలా రాయకూడదు. ప్రయోగశాల థర్మామీటరును అర డిగ్రీ కంటే మెరుగ్గా చదవడం కష్టం. రెండు చివర్లా అర డిగ్రీ చొప్పున వ్యతిరేక దిశల్లో తప్పు పడితే 20 డిగ్రీల తేడాలో ఒక డిగ్రీ, అంటే అయిదు శాతం పోతుంది. కాబట్టి 49, రెండు మూడు కిలోజౌళ్లు అటూ ఇటూ అని రాయడమే నిజాయితీ గల ఫలితం.

ఉష్ణోగ్రతల పరిధిని పెంచితే ఈ అనిశ్చితి తగ్గుతుంది గాని, దానికీ ఒక హద్దు ఉంది. ఇదే చర్యకు 60 డిగ్రీల వద్ద 10 సెకన్లే పడుతుంది. అక్కడ ఒక్క సెకను ఆలస్యంగా వాచీ నొక్కినా పది శాతం తప్పు. అందువల్ల పై నుంచి కాక కింది వైపు నుంచి పెంచడం మంచిది. మంచునీటితో 20 డిగ్రీలకు దింపితే దాదాపు 116 సెకన్లు పడుతుంది, అంత కాలంలో ఒక సెకను తేడా లెక్కలోకి రాదు.

రెట్టింపు సూత్రం నిలబడుతుందా

ఇప్పుడు మొదటి వాక్యానికి తిరిగి వద్దాం. పై అంకెల ప్రకారం 20 నుంచి 30 డిగ్రీలకు పోతే రేటు 1.94 రెట్లవుతుంది, 30 నుంచి 40కి 1.86, 50 నుంచి 60కి 1.73 రెట్లు మాత్రమే. ఒకే చర్యలో, ఒకే ఉత్తేజన శక్తితో, అవే 10 డిగ్రీలకు ఫలితం తగ్గుతూ పోతోంది. 25, 35 డిగ్రీల మధ్య రేటు సరిగ్గా రెట్టింపు కావాలంటే ఉత్తేజన శక్తి 53 కిలోజౌళ్ల దగ్గర ఉండాలి. అర్హీనియస్ పరిశీలించిన చక్కెర విచ్ఛిన్నానికి అది దాదాపు 108 కిలోజౌళ్లు; అక్కడ అదే 10 డిగ్రీలకు రేటు నాలుగు రెట్లవుతుంది. అంటే రెట్టింపు అన్నది ప్రకృతి నియమం కాదు, ద్రావణాల్లో జరిగే చాలా చర్యల ఉత్తేజన శక్తులు 50 చుట్టుపక్కల ఉండడం వల్ల పనికొచ్చే ఉజ్జాయింపు. విద్యార్థి దీన్ని నియమంగా కాక ఉజ్జాయింపుగా నేర్చుకోవాలన్నదే ఈ వ్యాసం రాయడంలో నా కోరిక.

ఉత్తేజన శక్తుల మధ్య ఈ తేడా ప్రయోగశాలలో మరోచోట కూడా ఎదురవుతుంది. పొటాషియం పర్మాంగనేట్‌తో, ఫెర్రస్ అయాన్ ఉన్న మోర్ లవణాన్ని అంశమాపనం (టైట్రేషన్) చేసేటప్పుడు వేడి చేయం. ఆక్సాలిక్ ఆమ్లాన్ని అంశమాపనం చేసేటప్పుడు మాత్రం 60–70 డిగ్రీల వరకు వేడి చేయమంటారు. ఎందుకని అడిగే విద్యార్థి అరుదు. ఫెర్రస్ అయాన్‌తో పర్మాంగనేట్ చర్య గది ఉష్ణోగ్రత వద్దే వేగంగా పూర్తవుతుంది. ఆక్సాలిక్ ఆమ్లంతో అది చాలా నెమ్మది, కాబట్టి చల్లని ద్రావణంలో వేసిన చుక్క రంగు పోకుండా అలాగే నిలిచి, చర్య పూర్తయిందని చూపే అంత్యబిందువు వచ్చేసిందన్న భ్రమ కలుగుతుంది. కొంత చర్య జరిగాక ఏర్పడిన మాంగనస్ అయాన్లు ఉత్ప్రేరకంగా పనిచేసి రేటును పెంచుతాయి. అలాగని మరిగిస్తే ఆక్సాలిక్ ఆమ్లమే విచ్ఛిన్నమై లెక్క తప్పుతుంది.

ఇదే గ్రాఫును మందుల కంపెనీలు రోజూ వాడుకుంటాయి. ఒక మాత్ర రెండేళ్లు చెడకుండా ఉంటుందో లేదో తేల్చడానికి రెండేళ్లు ఎదురుచూస్తూ కూర్చోలేరు కాబట్టి, దాన్ని 40 డిగ్రీల వద్ద 75 శాతం తేమలో ఆరు నెలలు ఉంచి పరీక్షిస్తారు. హైదరాబాదు చుట్టుపక్కల ఔషధ పరిశ్రమల్లో స్థిరత్వ పరీక్షల విభాగంలో చేరే మన విద్యార్థులు చేసే పని, ఫ్లాస్కు కింద గుర్తు గీసి కొలిచిన ఈ పనికి పెద్ద రూపమే. నిజ ఉష్ణోగ్రత వద్ద దీర్ఘకాలిక పరీక్ష కూడా సమాంతరంగా నడుస్తుంది, ఎందుకంటే 40 డిగ్రీల వద్ద జరిగే విచ్ఛిన్నం 25 వద్ద జరిగే విచ్ఛిన్నం ఒకటే అయి ఉండాలన్న నియమం లేదు.

వేడిని విడుదల చేసే చర్యల్లో ఈ సంబంధం ప్రమాదకరమవుతుంది. చర్య వల్ల వేడి పుడుతుంది, ఆ వేడి రేటును పెంచుతుంది, పెరిగిన రేటు మరింత వేడిని పుట్టిస్తుంది. రేటు ఘాతాంక రూపంలో పెరుగుతుంటే, పాత్ర గోడల గుండా బయటకు పోయే వేడి మాత్రం లోపలి, బయటి ఉష్ణోగ్రతల తేడాకు అనులోమంగానే పెరుగుతుంది. ఒక దశ దాటాక చల్లబరచడం ఎప్పటికీ వెనకబడే ఉంటుంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నంలో నిల్వ ట్యాంకులోని స్టైరీన్ అనే, ప్లాస్టిక్ తయారీలో వాడే ద్రవం తనంతట తాను పాలిమర్‌గా మారుతూ వేడెక్కి, ఆవిరై ఊరి మీదికి వచ్చి నిద్రలో ఉన్న మనుషుల ప్రాణాలు తీసింది. స్టైరీన్‌ను చల్లగా ఉంచడం, పాలిమరీకరణను ఆపే నిరోధకాన్ని తగు మోతాదులో ఉంచడం ఎందుకు అవసరమో తరగతిలో చెప్పేటప్పుడు ఆ రోజును గుర్తు చేయకుండా ఉండలేను.

గ్రాఫు వంగినప్పుడు

బిందువులు సరళరేఖ మీద పడకుండా కుడివైపు, అంటే తక్కువ ఉష్ణోగ్రతల వైపు సరిగా ఉండి, ఎడమవైపు కిందికి వంగితే, చర్య గురించి కొత్త సిద్ధాంతం వెతకడానికి ముందు చూడవలసినవి రెండున్నాయి: ఆమ్లం చల్లగా పడిందేమో, వాచీ ఆలస్యంగా ఆగిందేమో. రెండూ అధిక ఉష్ణోగ్రతల వద్దే ఎక్కువ నష్టం చేస్తాయి కాబట్టి వంపు అక్కడే కనిపిస్తుంది. ఇవి రెండూ సరిగ్గా ఉంటే గంధకం కణాల పరిమాణాన్ని అనుమానించాలి. ఉష్ణోగ్రతను బట్టి కణాల పరిమాణం మారితే అదే ద్రవ్యరాశి గంధకం వెలుతురును వేరేలా అడ్డుకుంటుంది. కంటితో చూసే పద్ధతికి ఇది సహజమైన పరిమితి, శ్రద్ధతో తొలగించలేం.

నిజంగానే వంగే చర్యలు కూడా ఉన్నాయి. పాలు తోడుకోవడం ఇందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ. చలికాలంలో రాత్రంతా ఉంచినా సరిగా తోడుకోని పాలు వేసవిలో నాలుగైదు గంటల్లో గడ్డకడతాయి. ఒక హద్దు వరకు రేటు ఉష్ణోగ్రతతో పెరుగుతుంది. కాగిన పాలను చల్లారనీయకుండా తోడు వేస్తే మాత్రం బాక్టీరియా చనిపోయి పెరుగు అసలే రాదు. ఎంజైములు అధిక వేడికి రూపం కోల్పోతాయి కాబట్టి వాటి రేటు ఒక శిఖరానికి చేరి పడిపోతుంది. నైట్రిక్ ఆక్సైడ్ ఆక్సిజన్‌తో కలిసి నైట్రోజన్ డయాక్సైడ్‌గా మారే చర్యలో జీవపదార్థమేదీ లేకున్నా ఉష్ణోగ్రత పెరిగితే రేటు తగ్గుతుంది. అది ఒకే మెట్టులో కాక, ముందు ఏర్పడే అస్థిర మధ్యస్థం ద్వారా జరుగుతుందనీ, వేడికి ఆ మధ్యస్థం పరిమాణం తగ్గిపోతుందనీ వివరణ. ఇలాంటి చర్యకు గ్రాఫు గీస్తే రేఖ ఎడమ నుంచి కుడికి ఎక్కుతుంది.

మీ థయోసల్ఫేట్ గ్రాఫులో అటువంటిదేదీ రాకూడదు. ఒక బిందువు మాత్రమే రేఖకు దూరంగా పడితే దాన్ని చెరిపేయకుండా, ఆ ఉష్ణోగ్రత వద్ద మిగిలిన రెండు ప్రయత్నాల విలువలు చూడండి. మూడూ ఒకేలా తప్పుగా ఉంటే థర్మామీటరును కరుగుతున్న మంచులో ముంచి సున్నా చూపిస్తోందో లేదో పరీక్షించండి. ఒక్కటే తప్పుగా ఉంటే మిగిలిపోయిన ద్రావణంతో ఆ ఉష్ణోగ్రత వద్ద నాలుగో ప్రయత్నం చేయండి. ఒక లీటరు చేసుకున్నప్పుడు 250 మి.లీ. అందుకోసమే మిగిలింది.